బ్రేక్ బయాస్: కాలు పెడల్ మీద ఉన్నంతసేపే దాని పని

"మావయ్యా, కారు తిరగట్లేదు. బయాస్ మూడు పాయింట్లు వెనక్కి తెచ్చినా తిరగట్లేదు."

రాత్రి పదకొండింటికి మా మేనల్లుడి ఫోన్. వాడుండేది కూకట్‌పల్లిలో, నేను రాజమండ్రిలో. ఇద్దరం అసెట్టో కోర్సా కాంపిటిజియోనే అనే కార్ రేసింగ్ గేమ్‌లో జీటీ3 తరగతి రేసు కార్లు తోలతాం. పగలంతా నాకు బ్యాంకులో క్యాష్ కౌంటరు, ఇంట్లో అందరూ పడుకున్నాక గేమ్‌లో ఇటలీలోని మోంజా ట్రాక్.

"ఎక్కడ తిరగట్లేదురా?"

"పారబోలికాలో, మోంజా ఆఖరి మలుపులో. దాని మధ్యలో, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కేటప్పుడు."

"అప్పుడు నీ కాలు బ్రేక్ మీద ఉందా?"

కాసేపు చప్పుడు లేదు. "లేదు" అన్నాడు.

మరి బయాస్ ఎంత తిప్పితే మాత్రం ఏం లాభం? మీరు బ్రేక్ తొక్కినప్పుడు ఆ బలంలో ముందు చక్రాలకు ఎంత, వెనక చక్రాలకు ఎంత అని పంచేదే బ్రేక్ బయాస్. కాలు తీసేశాక అది ఉన్నా లేనట్టే. మలుపు మధ్యలో ముందు జారుతోందంటే యాంటీరోల్ బార్ (మలుపులో కారు పక్కకి ఒరగకుండా పట్టే కడ్డీ), టైర్ ప్రెషర్, లేదా మరీ వేగంగా లోపలికి వెళ్లడం, వీటి సంగతి చూడాలి. బ్రేక్ మొదలుపెట్టిన క్షణం నుంచి మలుపులోకి తిరుగుతూ మెల్లగా పెడల్ వదిలేసేదాకా, అంతవరకే మన విషయం.

బైక్ తోలినవాళ్లకు ఇది ఒంటికి తెలిసిన సంగతే. చిన్నప్పుడు నాన్న గోదావరి గట్టు మీద స్కూటర్ నేర్పించారు. కాలితో వెనక బ్రేక్ గట్టిగా తొక్కితే ఇసుకలో వెనక చక్రం పక్కకి పాకేది. ఇంకోసారి హ్యాండిల్ తిప్పి ఉండగా ముందు బ్రేక్ గట్టిగా పట్టాను. ముందు చక్రం జారి, రెండు మోచేతులూ చెక్కుకుపోయాయి. స్కూటర్‌లో రెండు బ్రేకులూ మన చేతిలో, కాలిలో ఉంటాయి కాబట్టి ఎవరి వాటా వాళ్లే వేసుకుంటారు. కారులో పెడల్ ఒక్కటే. ఆ వాటా ఎంతన్నది ముందే సెట్ చేసి పెట్టాలి.

ముందు చక్రాలకే ఎందుకు ఎక్కువ ఇస్తారో చిన్న లెక్కతో చూద్దాం. కారు 1,300 కిలోలు, బరువు ముందూ వెనకా సగం సగం. చక్రాల ఇరుసుల మధ్య దూరం 2.6 మీటర్లు, బరువు కేంద్రం నేల నుంచి 0.4 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. 1జీ బలంతో (అంటే కారు బరువుతో సమానమైన బలంతో) బ్రేక్ వేస్తే 1,300ని 0.4తో గుణించి 2.6తో భాగించినంత, అంటే 200 కిలోల బరువు వెనక నుంచి ముందుకు వాలుతుంది. ముందు 850, వెనక 450. టైర్లన్నీ సమానంగా పని చేయాలంటే బ్రేక్ బలంలో సుమారు 65 శాతం ముందుకే పోవాలి. ఇదేమీ మీ స్క్రీన్ మీద పెట్టాల్సిన నంబరు కాదు. డిస్కులు, టైర్ల సైజు, డౌన్‌ఫోర్స్ (గాలి కారుని కిందికి నొక్కే బలం) ఒక్కో కారుకి ఒక్కోలా ఉంటాయి. పోర్షా 911లో ఇంజన్ వెనక ఇరుసుకి కూడా వెనకే వేలాడుతుంది కాబట్టి, అది వెనక బ్రేక్ ఎక్కువ మోయగలదు. ఒక కారు నంబరు తెచ్చి ఇంకో కారులో పెట్టకండి.

బయాస్ ముట్టుకునే ముందు రెండు విషయాలు సరిచూసుకోవాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, నేనూ ఆరు నెలలు చేశాను.

మొదటిది పెడల్. మా ఇంట్లో నేల టైల్స్. గట్టిగా తొక్కినప్పుడల్లా పెడల్ పలక వెనక్కి జారేది. ఒకసారి 90 శాతం బ్రేక్ పడితే, ఇంకోసారి 70. నేనేమో కారుని తిట్టుకుంటూ బయాస్ తిప్పేవాణ్ని. చివరికి అమ్మ వాడని సన్నికల్లు తెచ్చి పలక వెనక ఆనించాను. ఇప్పటికీ అక్కడే ఉంది. (పండక్కి పప్పు రుబ్బాలని అడిగినప్పుడు మాత్రం ఇబ్బందే.) గేమ్‌లో పెడల్ క్యాలిబ్రేషన్ తెరిచి, మీ మామూలు గట్టి తొక్కుడికి బార్ చివరిదాకా వెళ్తోందా, కాలు తీస్తే పూర్తిగా సున్నాకి వస్తోందా చూడండి. సున్నాకి రాకపోతే మీరు స్ట్రెయిట్ మీద కూడా కొద్దిగా బ్రేక్ వేసుకుంటూ పోతున్నట్టే.

రెండోది గేర్లు దించడం. వేగం ఇంకా తగ్గకముందే టకటకా మూడు గేర్లు దించేస్తే ఇంజన్ వెనక చక్రాలని పట్టి లాగుతుంది. అది కూడా బ్రేకే, కాకపోతే మీ బయాస్ లెక్కలోకి రాదు. బ్రేకింగ్‌లో వెనక ఊగుతోందంటే ముందు ఒక్కో గేరూ అర సెకను ఆలస్యంగా దించి చూడండి. సగం మందికి రోగం అక్కడే కుదురుతుంది.

ఇక అసలు పని. ఒక్కరే ప్రాక్టీస్‌లోకి వెళ్లండి. ఎండ, మారని వాతావరణం, 30 లీటర్ల పెట్రోలు. మోంజా ఎందుకంటే 5.793 కిలోమీటర్ల ల్యాప్‌లో మూడు రకాల బ్రేకింగ్ దొరుకుతుంది. రెండు ల్యాపులు టైర్లు వేడెక్కడానికి, తర్వాత ఐదు ల్యాపులు గేమ్ ఇచ్చిన బయాస్‌తోనే. టైం చూడకండి, ఒళ్లు చెప్పేది వినండి.

తర్వాత కావాలనే చెడగొట్టండి. సెటప్‌లో మెకానికల్ గ్రిప్ పేజీకి వెళ్లి బయాస్ 3 పాయింట్లు ముందుకు పెట్టండి. ఇక్కడ నంబరంటే ముందు చక్రాల శాతం, ఒక పాయింటంటే ఒక శాతం, అంటే పెరిగితే ముందుకు, తగ్గితే వెనక్కి. మూడు ల్యాపులు తోలండి. ఆ తర్వాత మొదటి నంబరుకి 3 తగ్గించి మళ్లీ మూడు. ఒక్కో క్లిక్ (బటన్ ఒకసారి నొక్కితే మారేంత) తిప్పుతూ తేడా వెతికితే కొత్తలో ఏమీ తెలియదు. ఉప్పు ఎక్కువైన కూరా, ఉప్పు లేని కూరా రెండూ తిన్నవాడికే సరిపోయిందో లేదో చెప్పడం వస్తుంది.

మొదటి షికేన్ (వెంటవెంటనే కుడికీ ఎడమకీ తిరిగే ఇరుకు మలుపులు) దగ్గర 260 దాటిన వేగం నుంచి నిటారుగా, బలంగా బ్రేక్. బయాస్ మరీ ముందుకుంటే ఇక్కడ కారు రైలులా తిన్నగా ఆగుతుంది, భయమే వేయదు. కానీ ఎప్పుడూ ఆగే చోట ఆగదు, ఐదారు మీటర్లు ముందుకు పోతుంది. కుడికి స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు మాట వినవు, ఎందుకంటే వాటి గ్రిప్ అంతా ఆపడానికే ఖర్చయిపోయింది. వెనక టైర్లు ఖాళీగా కూర్చున్నాయి.

అస్కారీ అనే మలుపులకి పాత వాలు ట్రాక్ వంతెన కింద నుంచి దూసుకొస్తాం. ఇక్కడ బ్రేక్ కొంచెమే, కానీ ఎడమకి తిరుగుతూ వేయాలి. బయాస్ మరీ వెనక్కుంటే అది బయటపడేది ఇక్కడే. బ్రేక్ మీద కాలుండగా స్టీరింగ్ తిప్పగానే వెనక భాగం కుడికి తోసుకొస్తుంది. మొదటి షికేన్‌లో బ్రహ్మాండంగా అనిపించిన నంబరు అస్కారీలో కారుని గడ్డిలోకి పంపిస్తుంది. అందుకే ఒక్క మలుపు చూసి ఏదీ తేల్చకండి.

పారబోలికా (2021 నుంచి దీనికి మికేలే అల్బొరేటో పేరు పెట్టారు, మేం మాత్రం పాత పేరే అంటాం) ట్రెయిల్ బ్రేకింగ్‌కి పరీక్ష. బ్రేక్ గట్టిగా వేసి, తిరగడం మొదలుపెట్టాక పెడల్‌ని మెల్లమెల్లగా వదులుతూ లోపలికి తీసుకెళ్లాలి. బయాస్ సరిగ్గా ఉంటే ఆ వదిలే కొద్దిసేపట్లో కారు ముక్కు దానంతటదే అపెక్స్ (మలుపు లోపలి అంచు) వైపు వాలుతుంది. మీరు స్టీరింగ్‌తో లాగక్కర్లేదు. ఆ అనుభూతి ఒక్కసారి దొరికితే ఇక వదలరు. నాకు దొరికిన రాత్రి ఒంటిగంటయింది, పొద్దున బ్యాంకులో రెండుసార్లు నోట్లు తప్పు లెక్కపెట్టాను.

రెండు చివరలూ చూశాక మొదటి నంబరుకి రండి. అక్కడి నుంచి ఒక్కో క్లిక్ వెనక్కి. ఒక్కో క్లిక్‌కి మూడు ల్యాపులు, మధ్యలో ఇంకేదీ మార్చకూడదు. అస్కారీలో వెనక కదలడం మొదలైన చోట ఆగి, రెండు క్లిక్కులు ముందుకు రండి. రేసుకి అది చాలు. రేసులో ఎవరు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫైయింగ్ ఒక్క ల్యాప్‌కి అక్కడి నుంచి ఒక క్లిక్ వెనక్కి రావచ్చు. నేను ఇవన్నీ పాల లెక్క రాసే చిన్న పుస్తకంలోనే వెనక పేజీ నుంచి రాసుకుంటాను: ట్రాక్, కారు, నంబరు, ఎక్కడ ఏమైంది. మీరు ఫోన్లో రాసుకున్నా సరే, రాయడం మాత్రం మానకండి. వారం తర్వాత ఒక్క నంబరూ గుర్తుండదు.

ఏబీఎస్ ఉంది కదా, బయాస్ ఎందుకని మేనల్లుడు అడిగాడు. జీటీ3లో ఏబీఎస్ చక్రం పూర్తిగా లాక్ అవకుండా చూస్తుంది, అంతే. ముందుకి ఎక్కువ ఇచ్చేస్తే ముందు ఏబీఎస్ ఆగకుండా పనిచేస్తూ ఉంటుంది, వెనక టైర్ల గ్రిప్ వాడకుండా మిగిలిపోతుంది. పొగ రాదు కాబట్టి తప్పు కనపడదు, నష్టం మాత్రం ఉంటుంది. ఏబీఎస్ లేని ఫార్ములా కార్లలో తప్పు దాగదు: ముందు లాక్ అయితే చక్రం నుంచి పొగ, స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది. వెనక లాక్ అయితే మీరు వెనక్కి తిరిగి వచ్చిన దారే చూస్తుంటారు. అలాంటి కార్లలో మొదట ముందు చక్రాలే లాక్ అయ్యేలా పెట్టుకోండి, అదీ చాలా స్వల్ప తేడాతో.

స్టీరింగ్ మీద రెండు బటన్లకి బయాస్ ముందుకీ వెనక్కీ కేటాయించుకుంటే తోలుతూనే మార్చవచ్చు. రేసులో వెనక టైర్లు అరిగిపోతుంటే ఒకటి రెండు క్లిక్కులు ముందుకు తెచ్చుకోవడం నాకు అలవాటు. కానీ ఆ బటన్లు వేళ్లు పొరపాటున తగిలే చోట పెట్టకండి. 2021 జూన్ 6న బాకూలో ఫార్ములా 1 రేసులో, ఆగిన రేసు ఇంక రెండు ల్యాపుల కోసం మళ్లీ మొదలైనప్పుడు, డ్రైవర్ లూయిస్ హామిల్టన్ చేయి తెలియకుండా ఒక స్విచ్‌కి తగిలింది. బ్రేకులు వేడెక్కించడానికి బయాస్‌ని బాగా ముందుకు నెట్టే స్విచ్ అది. మొదటి మలుపులో ముందు చక్రాలు లాక్ అయ్యి కారు తిన్నగా పక్క దారిలోకి పోయింది. గెలుపు కోసం పోటీలో ఉన్నవాడు 15వ స్థానంలో ముగించాడు. ఆ ఏడాది టైటిల్ పోయింది 8 పాయింట్ల తేడాతో. నేనూ ఒకసారి లైట్లు వేయబోయి బయాస్ తిప్పేశాను, నాకు పోయింది 11వ స్థానం.

వాన పడితే? జాగ్రత్త కోసమని చాలామంది ముందుకు తోస్తారు. పై లెక్కనే మళ్లీ చేయండి. తడి రోడ్డు మీద బ్రేక్ బలం 0.6జీకి పడిపోయిందనుకుంటే ముందుకు వాలే బరువు 120 కిలోలే, అంటే ముందు వాటా 65 నుంచి 59కి దిగుతుంది. పొడి నంబరే ఉంచితే ముందు చక్రాలు తొందరగా చేతులెత్తేస్తాయి. కాబట్టి వానలో వెనక్కే రావాలి. కానీ ఒకేసారి ఆరు పాయింట్లు కాదు, ఒక పాయింటుతో మొదలుపెట్టండి. నీళ్లలో వెనక జారితే సర్దుకునే సమయం ఉండదు.

మేనల్లుడు బయాస్‌ని పాత చోటికి తెచ్చి, ముందు యాంటీరోల్ బార్ ఒక మెట్టు మెత్తబరిచాడు. మర్నాడు మళ్లీ ఫోన్.

"తిరుగుతోంది మావయ్యా. కానీ పారబోలికా నుంచి బయటికొచ్చేటప్పుడు వెనక జారుతోంది. బయాస్ ముందుకు పెట్టనా?"

"కాలు ఎక్కడుందిరా?"

"...యాక్సిలరేటర్ మీద."

ట్రాక్షన్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రాలు జారకుండా చూసేది) ఒక మెట్టు పెంచుకోమని చెప్పి ఫోన్ పెట్టేశాను.