క్రాక్ వేయించే ముందు, లైసెన్సు కొనే ముందు ఈ పని చేసి చూడండి

కందుకూరు దగ్గర మా ఊరి చెరువు గురించి, గుడి మాన్యం గొడవల గురించి, ఊళ్లో పాత కుటుంబాల గురించి మా తాతయ్య ఒక లావు నోటుపుస్తకం నిండా రాసి పెట్టుకున్నాడు. 2006లో దాన్ని ఒంగోలు తీసుకెళ్లి ఒక డీటీపీ సెంటర్లో టైపు చేయించాం, వాళ్లు సీడీలో వేసిచ్చారు. మొన్న సంక్రాంతికి పిల్లలకు చూపిద్దామని ఆ ఫైలు తెరిస్తే, తెలుగు ఉండాల్సిన చోట డాలరు గుర్తులు, బ్రాకెట్లు, అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు వరసగా కనిపించాయి. ఆ రోజుల్లో డీటీపీ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరం ఉండే స్థానంలో తెలుగు ముక్కను గీసి పెట్టేవి, అందుకే ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగు, లేకపోతే చెత్త. నోటుపుస్తకం ఎప్పుడో చెదలు తినేసింది.

అప్పటినుంచి ఎవరు "అన్నా, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని అడిగినా నేను ధర దగ్గర మొదలుపెట్టడం లేదు. మీ ఫైలు పదేళ్ల తర్వాత ఎవరి అనుమతీ అక్కర్లేకుండా తెరుచుకుంటుందా? అదే ముందు చూడమంటున్నాను.

ముందు ఒక్క తేడా పట్టుకోండి. ఓపెన్ సోర్స్ అంటే ప్రోగ్రాం ఎలా రాశారో ఆ కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా వాడొచ్చు, చదవొచ్చు, మార్చొచ్చు, పక్కవాళ్లకు కాపీ ఇవ్వొచ్చు, లైసెన్సులోనే ఆ హక్కు రాసి ఉంటుంది. ప్రొప్రైటరీ అంటే కోడ్ కంపెనీ దగ్గరే ఉంటుంది, మనకు దక్కేది వాడుకునే అనుమతి మాత్రమే. చాలామంది ఇక్కడ పొరబడేది "ఫ్రీ" అన్న మాట దగ్గర. వాట్సాప్‌కి మనం డబ్బు కట్టడం లేదు, కానీ అది ఓపెన్ సోర్స్ కాదు. క్రోమ్ కూడా ఉచితమే, దాని అడుగున ఉన్న క్రోమియం మాత్రమే ఓపెన్. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు, వీడియోలు ఆడించే వీఎల్‌సీ, వర్డ్, ఎక్సెల్ పనులు చేసే లిబ్రెఆఫీస్ పూర్తిగా ఓపెన్ సోర్స్. వీఎల్‌సీ 1996లో ప్యారిస్ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది, ఇప్పటికీ ఒక్క యాడ్ లేకుండా మన పెళ్లి వీడియోలన్నీ ఆడిస్తోంది.

ఇక పనిలోకి వద్దాం. ఒక కాగితం తీసుకుని, గత నెలలో కంప్యూటర్ మీద నిజంగా చేసిన పనులన్నీ రాయండి. చేయాలనుకున్నవి వద్దు, చేసినవే. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు వేసే మా బావ చేత ఇలాగే రాయించాను. మేత లెక్కల షీటు, బ్యాంకు పనులు, యూట్యూబ్, పిల్లాడి కాలేజీ ప్రాజెక్టు, అప్పుడప్పుడు ఫొటో సైజు తగ్గించడం. అంతే. ఆ మాత్రానికి ఆయన ల్యాప్‌టాప్‌లో ఖరీదైన ఆఫీస్ ప్యాకేజీ, ఫొటోలు దిద్దే పెద్ద సాఫ్ట్‌వేర్, రెండూ ఎవరో వేసిన క్రాక్ కాపీలు, అంటే డబ్బు కట్టకుండా లైసెన్సు తాళం విరగ్గొట్టి నడిపేవి.

క్రాక్ గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. "ఏం కాదన్నా, అందరూ వేసుకునేదే" అంటారు. కానీ క్రాక్ నడపడానికి ముందు యాంటీవైరస్ ఆపేయమంటుంది, ఆ తర్వాత అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతుంది. ముఖం తెలియని మనిషికి ఇంటి తాళాలిచ్చి, కుక్కను కూడా కట్టేసినట్టు. అదే ల్యాప్‌టాప్‌లో మీరు బ్యాంకు పాస్‌వర్డ్ కొడతారు. కొనగలిగితే కొనండి, లేదంటే ఓపెన్ సోర్స్ వాడండి. ఈ రెండూ కాని మూడో దారి వద్దు.

జాబితా అయ్యాక విండోస్ తీసేయాల్సిన పని లేదు, ఉన్న విండోస్ మీదే ఒక్కో ప్రోగ్రాం మార్చి చూడండి. మొదట లిబ్రెఆఫీస్. గూగుల్‌లో వెతికితే పైన యాడ్ల రూపంలో నకిలీ సైట్లు రావొచ్చు, కాబట్టి అడ్రస్ బార్‌లో నేరుగా లిబ్రెఆఫీస్ డాట్ ఆర్గ్ అని కొట్టి అక్కడినుంచే దించుకోండి. వేసుకోగానే టూల్స్‌లో ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్కు పెట్టి తెలుగు ఎంచుకోండి. ఇది చెయ్యక చాలామంది "తెలుగు ఫాంటు మారడం లేదు, ఇది పనికిరాదు" అని తీసేస్తారు. అక్కడే లొకేల్ (ఏ దేశం పద్ధతిలో తేదీలు, అంకెలు చూపాలో చెప్పేది) ఇండియాకి మార్చండి, లేకపోతే తేదీల్లో నెల ముందు, రోజు తర్వాత అయ్యి లెక్కలు తారుమారవుతాయి.

బావ షీటుతో ఇదే చేశాం. మొదటి గడిలో తేదీ, పక్కన గుంట నంబరు, పొద్దున మేత కిలోలు, సాయంత్రం మేత, చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) మిగిలింది, నీటికి గాలి అందించే ఏరియేటర్లకు పోసిన డీజిల్, చివర కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో. పాత షీటు లిబ్రెఆఫీస్‌లో తెరిచి, రెండు స్క్రీన్లూ పక్కపక్కన పెట్టుకుని నెలవారీ మొత్తాలు ఒక్కొక్కటీ సరిచూశాం. అన్నీ కలిశాయి. ఒకటి మాత్రం పనిచేయలేదు: మేత డీలరు ఇచ్చిన షీటులో నొక్కగానే లెక్క వేసే బటన్ ఉంది, అది మ్యాక్రోతో, అంటే షీటులోపలే రాసిన చిన్న ప్రోగ్రాంతో చేసింది. అది కదల్లేదు. ఆ ఒక్క లెక్కకు మామూలు ఫార్ములా రాసి పెట్టుకున్నాం. మీ షీట్లలో ఇలాంటి బటన్లు పదీ పదిహేను ఉంటే, ఊరికే తంటాలు పడకండి, ఎక్సెల్ కొనుక్కోవడమే మంచిది.

వర్డ్ ఫైళ్లు కూడా తెరుచుకుంటాయి గానీ టేబుళ్లు, బొమ్మలు ఎక్కువుంటే పేజీ కొంచెం జరుగుతుంది. అందుకని బయటివాళ్లకు చూడ్డానికి పంపేది పీడీఎఫ్‌గా పంపండి, దిద్దడానికి పంపేది డాక్‌ఎక్స్‌గా సేవ్ చేసి పంపండి, మీ దగ్గర ఉంచుకునేది ఓడీటీ (రాతకు), ఓడీఎస్‌లో (లెక్కల షీటుకు) ఉంచుకోండి. ఈ ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్ 2006 నుంచి ఐఎస్ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణం, ఏ కంపెనీ మూతబడ్డా ఇంకొకరు దాన్ని తెరిచే ప్రోగ్రాం రాయొచ్చు. మా తాతయ్య ఫైలుకి ఆ భాగ్యం లేకపోయింది.

కొనాల్సినవి ఏవో కూడా సూటిగా చెప్తాను. షాపు లెక్కలు చూసే ఆడిటర్ టాలీ డేటా అడుగుతుంటే టాలీయే వాడండి. లెక్కలు రాసుకునే ఓపెన్ సోర్స్ గ్నూక్యాష్ మంచి ప్రోగ్రామే, కానీ దాంట్లో జీఎస్టీ రిటర్నుల పని జరగదు. డిజిటల్ సంతకం టోకెను, వేలిముద్ర మిషను వాడే మీసేవ లాంటి చోట డ్రైవర్లు విండోస్‌కే సరిగ్గా దొరుకుతాయి, అక్కడ ప్రయోగాలు చేయొద్దు. ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు చేసి బతికేవాళ్లు ప్రెస్సువాళ్లు అడిగే ఫైలే ఇవ్వాలి, అందుకు కావాల్సిన సాఫ్ట్‌వేరే కొనుక్కోవాలి. ఇంట్లో ఫొటో కత్తిరించి, వెలుగు పెంచుకునేవాళ్లకు మాత్రం ఫొటోలు దిద్దే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం గింప్ చాలు.

మొత్తం ఆపరేటింగ్ సిస్టమే మార్చాలా అన్న ప్రశ్న ఇప్పుడు ఎక్కువ వస్తోంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది, చాలా పాత ల్యాప్‌టాప్‌లకు అది లేదు. బాగా నడుస్తున్న మిషను పారేయబుద్ధి కాదు కదా. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకుని, రూఫస్ అనే చిన్న ప్రోగ్రాంతో అందులో విండోస్‌కి బదులు వాడుకునే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ ఎక్కించండి, 4 జీబీ ర్యామ్ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తేలిగ్గా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో పాత ఫైళ్లు చెరిగిపోతాయి, ముందే తీసి పెట్టుకోండి. మిషను ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కితే (కొన్నిటికి ఎఫ్12, కొన్నిటికి ఎఫ్9 లేదా ఎస్కేప్) పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడుస్తుంది. ఇన్‌స్టాల్ నొక్కనంతవరకు మీ హార్డ్ డిస్కులో ఏమీ మారదు, టెన్షన్ పడకండి. వైఫై పట్టుకుందా, సౌండ్ వస్తోందా, కెమెరా వెలిగిందా, మీ ప్రింటర్ ఒక పేజీ కొట్టిందా, కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు జోడిస్తే సరిగ్గా పడుతోందా చూడండి. అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది ప్రింటరే, కొన్ని పాత లేజర్ ప్రింటర్లు అసలు లొంగవు. పాసైతే ఒక వారం అలాగే వాడి, ఫైళ్లన్నీ బయట హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకున్నాకే ఇన్‌స్టాల్ చేయండి. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు, మనకు రానిదేం కాదు.

అలాగని ఓపెన్ సోర్స్ అనగానే భద్రం అనుకోవద్దు. 2024 మార్చిలో లినక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంలో, దాన్ని చూసుకునేవాళ్లలోకి నమ్మకంగా చేరిన ఒక మనిషి దొంగదారి పెట్టాడు. లాగిన్ అర సెకను ఎందుకు ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వితే అది బయటపడింది. కోడ్ తెరిచి ఉంది కాబట్టి తవ్వగలిగాడు, నిజమే, కానీ ఆయన తవ్వకపోతే? ఇలాంటిది బయటపడ్డాక దాని దిద్దుబాటు అప్‌డేట్‌గానే వస్తుంది, కాబట్టి ఏది వాడినా అప్‌డేట్ వచ్చిన రోజే వేయండి.

మీ ఇంట్లోనూ పాత డీటీపీ ఫైళ్లుంటే ఆలస్యం చేయకండి. ఆ ఫాంటు ఇంకా ఉన్న సెంటర్ ఒకటి వెతికి ముందు పీడీఎఫ్ తీయించండి, తర్వాత అసలు ఫైలులోని రాతను యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) మార్చే కన్వర్టరులో వేయండి. ఒత్తులు, క్రావడి తప్పుపడతాయి, కాబట్టి పీడీఎఫ్ పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం చూడాలి. మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతోనే ఉచితంగా దొరుకుతాయి. తాతయ్య పుస్తకానికి నెల్లూరులో ఒక పాత సెంటర్ దొరికింది. చెరువు అధ్యాయం దిద్దడం అయిపోయింది, ఇప్పుడు మాన్యం గొడవలో ఉన్నాను.