బైపోలార్‌కు వికలాంగత్వ సర్టిఫికెట్: హైదరాబాద్‌లో దరఖాస్తు విధానం

బైపోలార్ (మూడ్ విపరీతంగా పైకీ కిందికీ పోయే మానసిక జబ్బు) ఉన్నవాళ్లకు సదరం సర్టిఫికెట్ ఇస్తారా అని అడిగితే మీ సేవలో అబ్బాయి నన్ను ఎగాదిగా చూసి "ఎవరికి మేడం?" అన్నాడు. నాకే. ఇస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో మానసిక రుగ్మత కూడా ఒకటి. అయితే జబ్బు పేరు చూసి ఇవ్వరు. దానివల్ల రోజువారీ బతుకు ఎంత దెబ్బతిందో లెక్కగట్టి శాతం వేస్తారు. ముఖ్యమైన సౌకర్యాలన్నిటికీ కనీసం 40 శాతం ఉండాలి.

దరఖాస్తు చేసేది కేంద్రం నడిపే స్వావలంబన్ కార్డ్ పోర్టల్‌లో. దీన్నే యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్ అంటారు. ఆధార్, ఈమధ్య దిగిన ఫొటో, అడ్రస్ ప్రూఫ్, ఓటీపీ వచ్చే ఫోన్ దగ్గర ఉంచుకోండి. వైకల్యం రకం అడిగినచోట 'మెంటల్ ఇల్‌నెస్' అన్నదే ఎంచుకోండి. కొందరు తెలియక 'ఇంటెలెక్చువల్ డిజెబిలిటీ' నొక్కేస్తారు, అది బుద్ధిమాంద్యానికి సంబంధించినది. చివర్లో వచ్చే ఎన్‌రోల్‌మెంట్ నంబరు స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. మన మూడ్ బాగాలేని వారంలో ఆ నంబరు ఎక్కడ పెట్టామో మనకే గుర్తుండదు.

మన నగరంలో శాతం తేల్చే పరీక్షకు సాధారణంగా వెళ్లాల్సింది ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి. ఆ పేరు వినగానే ఇంట్లో అందరి మొహాలూ మాడిపోతాయి, నాకు తెలుసు. 'వీణ్ని ఎర్రగడ్డలో వెయ్యాలి' అని జోకులు వేసుకుంటూ పెరిగినవాళ్లమే కదా. లోపలికి వెళ్తే అక్కడా ఓపీ చీటీలు, క్యూలు, టిఫిన్ డబ్బాలతో వచ్చిన తల్లులు. అంతే.

అసలు కష్టం ఫైలు దగ్గర ఉంది. బైపోలార్ వచ్చిపోయే జబ్బు. మెడికల్ బోర్డు (శాతం తేల్చే డాక్టర్లు) ముందుకు మనం వెళ్లేది బాగున్న రోజునే. నేను ఇస్త్రీ చీర కట్టుకుని, నవ్వుతూ కూర్చున్నాను. బాగాలేని నెలల గురించి చెప్పాల్సింది కాగితాలే. పాత ప్రిస్క్రిప్షన్లు, డిశ్చార్జి సమ్మరీలు తేదీల వరుసలో పెట్టండి. మూడ్ నిలకడగా ఉంచే లిథియం మందు వాడుతుంటే రక్తంలో లిథియం లెవెల్, థైరాయిడ్, క్రియాటినిన్ రిపోర్టులు కూడా పనికొస్తాయి, ఎన్నేళ్లుగా మందులు వాడుతున్నామో వాటి తేదీలే చెబుతాయి. నేను మొదట చేరిన ప్రైవేటు ఆసుపత్రి, పేరెందుకు లెండి, పాత రికార్డు లేదంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 25వ సెక్షన్ ప్రకారం మన వైద్య రికార్డులు అడిగే హక్కు మనకుందని రాసి లెటర్ ఇస్తే నాలుగు రోజుల్లో దొరికింది!

బోర్డులో ఐడియాస్ అనే కొలమానం వాడతారు. సొంత పనులు, మనుషులతో సంబంధాలు, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, పని. ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు వేసి, జబ్బు మొదలై ఎన్నేళ్లయిందో దానికీ కొన్ని కలుపుతారు. మొత్తం 20. అందుకే ఇంట్లో మనతో ఉండే మనిషి తప్పకుండా రావాలి. మా ఆయన రెండే సంగతులు చెప్పారు. పాప స్కూల్ ఫీజుకని తీసిన డబ్బుతో నేను ఒక్క రాత్రిలో మూడు కుట్టుమిషన్లు బుక్ చేశాను, నాకు కుట్టడమే రాదు. తర్వాత డిప్రెషన్‌లో పదకొండు రోజులు పాపకు జడ వేయలేదు, ఆయన యూట్యూబ్ చూసి నేర్చుకున్నారు. డాక్టర్ గారు పెన్ను ఆపి విన్నది అప్పుడే. 'చాలా ఇబ్బంది పడ్డాం సార్' అని ఊరుకుంటే దేనికీ మార్కు పడదు.

యూడీఐడీ కార్డు మీద గీత వైకల్యం 40 శాతం లోపు అయితే తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, ఆపైన నీలం. మన జబ్బుకు చాలావరకు తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు, గడువు చూసుకోండి. శాతం తక్కువ వేశారనిపిస్తే దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేయవచ్చు.

దీంతో ఏమొస్తుంది? పాత పన్ను విధానంలో 75 వేల మినహాయింపు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో వాటా, అర్హత ఉంటే చేయూత పింఛను (పాత పేరు ఆసరా, 2023లో నెలకు 4,016 చేశారు). సర్కారు ఉద్యోగంలో ఉండగా జబ్బు వస్తే ఆ కారణంతో తీసేయకూడదని అదే దివ్యాంగుల చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. నిరామయ అనే ఆరోగ్య బీమా మాత్రం మనకు వర్తించదు, దానికోసం తిరిగి టైం వృథా చేసుకోకండి.

పిల్లల స్కూల్లో తెలిసిపోతుందేమో అని నాకూ టెన్షన్ ఉండేది. మనం చూపిస్తే తప్ప వాళ్లకు తెలిసే దారి లేదు. చంటిపిల్లల తల్లులకు ఇంకో మాట: మూడేళ్లలోపు బిడ్డను ఆసుపత్రిలో ఉన్న తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదని 2017 చట్టంలోనే ఉంది.

దరఖాస్తు నడుస్తుండగా మూడ్ తేడాగా అనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నా కార్డు గడువు తేదీని మా ఆయన ఫ్రిజ్ మీద అంటించారు, పాల లెక్క కిందే.