శ్లాబుల పన్నుకి కేస్‌లు పేర్చకండి
ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటే కట్టే స్టాంప్ డ్యూటీని డేటాబేస్‌లో లెక్కకట్టడానికి నేనూ మొదట కేస్ (‘ధర ఇంతైతే రేటు ఇంత’ అని క్వెరీలో రాసే షరతు) మీద కేస్ పేర్చాను. రేట్లు మారిన రోజు తల పట్టుకున్నాను. ఒక చిన్న టేబుల్ చాలు: శ్లాబు మొదలయ్యే మొత్తం, కింది శ్లాబు కంటే రేటు ఎంత పెరిగిందో ఆ తేడా. 1,25,000 పౌండ్ల దగ్గర 2 శాతం. 2,50,000 దగ్గర రేటు 5 శాతమే అయినా, టేబుల్‌లో రాయాల్సింది 3. (అందరూ తప్పు చేసేది ఇక్కడే!) ధరకి లోపు మొదలయ్యే వరుసలన్నిటికీ (ధర − మొదలు) × తేడా కట్టి సమ్ చేస్తే అయిపోయింది. 3,00,000 ఇంటికి 3,500 + 1,500, అంటే 5,000 పౌండ్లు. అమల్లో ఉన్న తేదీలకీ కాలమ్‌లు పెట్టండి. 2025 మార్చి 31 దాకా 2,50,000 వరకు పన్నే లేదు.