యాక్రిలిక్ పాఠాలు – 4: ఎర్రమట్టి దిబ్బలు, తడి ఆరేలోపు

కిందటి పాఠంలో రెండు పూతల గెస్సో (రంగు పట్టడానికి ముందుగా వేసే తెల్ల అడుగుపూత) వేసి, గరుకు కాగితంతో రుద్ది ఉంచిన 12×16 అంగుళాల కాన్వాస్ తీయండి. ఈసారి భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు వేద్దాం. ఆ ఇసుకకు ఎరుపునిచ్చేది ఇనుము ఆక్సైడే. మన ట్యూబుల్లోని బర్న్‌ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) రంగులకు మూలమూ అదే. అందుకే నాలుగు ట్యూబులు చాలు: ఆ రెండు, అల్ట్రామెరైన్ బ్లూ, టైటానియం వైట్. నలుపు జోలికి పోవద్దు. నీడల్లో నలుపు కలిపితే ఎర్రమట్టి మసిబారినట్టు కనిపిస్తుంది.

ముందు ఆరడం సంగతి. యాక్రిలిక్ రంగంటే రంగుపొడి, పాలిమర్ ఎమల్షన్ (సన్నటి ప్లాస్టిక్ రేణువులు తేలే పాలలాంటి ద్రవం), నీళ్లు. నీళ్లు ఆవిరయ్యాక పాలిమర్ రేణువులు అతుక్కుని ఒకే పొరవుతాయి. ఆ పొర ఇక నీళ్లకు కరగదు. వాటర్ కలర్ అలవాటున్నవాళ్లు ఆరిన అంచుని తడి కుంచెతో మెత్తబరచబోయి ఇక్కడే దెబ్బతింటారు. సగం ఆరినదాన్ని రుద్దితే ఇంకా నష్టం, పొర లేచిపోయి కింద తెల్ల గెస్సో బయటపడుతుంది. అలా లేస్తే చేయి తీసేసి, పూర్తిగా ఆరనిచ్చి, పైన మళ్లీ పూత వేయడమే దారి.

విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి గదిలో రంగు కాస్త నిదానంగా ఆరుతుంది. అది మనకు కలిసొచ్చేదే. కానీ ఫ్యాన్ కింద, సముద్రపు గాలి కొట్టే బాల్కనీలో పల్చటి పూత నిమిషాల్లో బిగుసుకుపోతుంది. రంగులు కలిపేటప్పుడు ఫ్యాన్ ఆపండి, ఉక్కపోత భరించక తప్పదు. ఆరబెట్టేటప్పుడు వేసుకోవచ్చు.

ప్యాలెట్‌గా, అంటే రంగులు కలుపుకునే పళ్లెంగా, మూత గట్టిగా పట్టే వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, అడుగున తడిపి పిండిన పల్చటి స్పాంజి, దానిపై బటర్ పేపర్ పరవండి. స్పాంజిలో నీళ్లు తేలుతుంటే రంగు ముద్ద పలచబడి పారిపోతుంది. మూతపెడితే రంగు రెండు మూడు రోజులు పనికొస్తుంది. ఇంకా ఉంచితే స్పాంజి బూజు పడుతుంది.

ఇక ఆకాశం. నాలుగు పాళ్ల తెలుపులో చిటికెడు అల్ట్రామెరైన్ కలిపి, అంగుళం వెడల్పున్న నైలాన్ ఫ్లాట్ బ్రష్‌తో పైనుంచి అడ్డంగా లాగండి. కిందికొచ్చేకొద్దీ తెలుపు పెంచుతూ, తడి ఆరేలోపే ముగించాలి. చెంచా రంగుకి పావు చెంచా నీళ్లు మించనివ్వకండి. నీళ్లు మరీ ఎక్కువైతే పాలిమర్ పలచబడి, ఆరాక వేలితో రుద్దినా పొడి రాలుతుంది. ఇంకా పల్చన కావాలంటే మీడియం (రంగుపొడి లేని యాక్రిలిక్ ద్రవం) కలపండి. రిటార్డర్ (రంగు ఆరడాన్ని నిదానం చేసేది) వాడితే సీసా మీద రాసిన పరిమితి దాటొద్దు, ఎక్కువైతే రంగు జిగటగానే ఉండిపోతుంది.

కావాల్సినదానికంటే కాస్త ఎక్కువే కలుపుకోండి. తడిలో ఎమల్షన్ పాలలా తెల్లగా ఉండి, ఆరాక పారదర్శకం అవుతుంది. దాంతో రంగు ఓ మెట్టు ముదురుగా కనిపిస్తుంది. రేపు అదే ఛాయ మళ్లీ కలపడం కష్టం. కలిపిన ప్రతిదాన్నీ కాగితం ముక్కపై రాసి, ఆరాక చూసి మరీ కాన్వాస్‌పై పెట్టండి.

దిబ్బలకు రెండు పాళ్లు సియెన్నా, ఒక పాలు ఓకర్. సియెన్నా కొంత పారదర్శకం, ఒక్క పూతకు చారలు కనిపిస్తాయి. మందంగా పులమకుండా ఆరాక రెండో పూత వేయండి. వానలు కోసిన లోయల నీడకు సియెన్నాలో సగం పాలు అల్ట్రామెరైన్. ఎండ తగిలిన గట్టుకి ఓకర్, తెలుపు కలిపి, కుంచెను గుడ్డకు తుడిచి, దాదాపు పొడిగా పైపైన రాయండి. కాన్వాస్ నేత ఎత్తులకే రంగు పట్టి ఇసుక గరుకు వస్తుంది. అక్కడక్కడ పొదలకు ఓకర్, అల్ట్రామెరైన్ కలిస్తే వచ్చే మాసిన పచ్చ సరిపోతుంది, వేరే ట్యూబు కొనొద్దు.

కుంచెను నీళ్ల మగ్గులో నిలబెట్టి వదలకండి. కుచ్చు వంగిపోతుంది, పైనున్న లోహపు గొట్టంలో రంగు గట్టిపడి కుంచె విచ్చుకుపోతుంది. పనయ్యాక సబ్బుతో కడిగి పడుకోబెట్టండి.

ఎండిన కాన్వాసుల్ని ముఖాముఖి పేర్చొద్దు. ఉక్కలో పొర మెత్తబడి రెండూ అతుక్కుంటాయి, బబుల్ ప్లాస్టిక్ చుడితే బుడగల గుర్తులు పడతాయి. ఈ బొమ్మని గోడకి ఆనించి ఉంచండి. నీడల మీద వేసే గ్లేజ్ (పారదర్శకమైన పల్చటి పూత) వచ్చే పాఠంలో.