పడవలో గ్యాస్ – 3వ పాఠం: లాకర్‌కు సీలు వేయడం

సిలిండర్ ఎక్కడ ఉండాలో పోయిన పాఠంలో చూశాం. నీటిమట్టానికి పైన, కాక్‌పిట్ (పడవ నడిపేవాళ్లు కూర్చునే చోటు) పక్కన, మూత బయటికి మాత్రమే తెరుచుకునే విడి లాకర్‌లో ఉండాలి. ఈసారి ఆ లాకర్‌కు సీలు వేద్దాం. పని మొదలుపెట్టే ముందు ఒక్క మాట మనసులో నాటుకోండి: సిలిండర్‌లో ఉండే ప్రొపేన్‌ని గాలి అనుకోవద్దు, నీళ్లు అనుకోండి.

ప్రొపేన్ ఆవిరి గాలి కంటే సుమారు 1.5 రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, పల్లం వెతుక్కుంటూ కిందికి పారుతుంది. ఇంట్లోనైతే తలుపు కింది సందులోంచి కొంతైనా బయటికి పోతుంది. పడవ అలా కాదు. నీళ్లు లోపలికి రాకుండా కట్టిన గిన్నె అది, లోపల పడినదాన్ని బయటికీ పోనివ్వదు. జారిన గ్యాస్ అంతా బిల్జ్‌లో, అంటే పడవ అట్టడుగున నీళ్లు చేరే ఖాళీలో, చేరి కూర్చుంటుంది. గాలిలో దాని పాలు 2.1 శాతం దాటితే అంటుకోగలదు, 9.5 శాతం దాకా ఆ ప్రమాదం ఉంటుంది. బిల్జ్ పంపు స్విచ్‌లో పుట్టే ఒక్క నిప్పురవ్వ చాలు. లీకు తెలియాలనే గ్యాస్‌లో ఘాటైన వాసన కలుపుతారు, నిజమే. కానీ గ్యాస్ ఉండేది మన కాళ్ల కింద, వాసన చూసే ముక్కు ఉండేది పైన. ముక్కునే నమ్ముకుని పడుకోవద్దు.

కాబట్టి లాకర్ చేయాల్సిన పనులు రెండు. పడవ లోపలి వైపు సూదిమొన పట్టేంత సందు కూడా ఉండకూడదు. బయటి వైపు మాత్రం అడుగున ఎప్పుడూ తెరిచి ఉండే దారి, అంటే డ్రెయిన్, ఉండాలి. సీలు వేయడమంటే గ్యాస్‌ని పెట్టెలో బంధించడం అని చాలామంది అనుకుంటారు. అదే పెద్ద పొరపాటు. కారిన గ్యాస్‌కి సముద్రం వైపు తప్ప మరో దారి లేకుండా చేయడమే మన పని.

ముందు సందులు వెతకాలి. సిలిండర్‌ని పడవలోంచి దించేసి లాకర్ ఖాళీ చేయండి. క్యాబిన్ చీకటి చేసి, లాకర్‌లో టార్చి వెలిగించి, లోపలి వైపునుంచి మూలమూలా చూడండి. వెలుగు చుక్క కనిపించిన ప్రతిచోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఆ తర్వాత డ్రెయిన్ రంధ్రానికి బిరడా బిగించి, నీళ్లు కొద్దికొద్దిగా పోయండి. లీటరు నీళ్లంటే కిలో బరువు, లాకర్ అడుగు మోయగలిగినంతే పోయాలి.

నా లాకర్‌లో నాలుగు వేళ్ల ఎత్తున నీళ్లు కదలకుండా నిలిచాయి. హమ్మయ్య అనుకుని లోపలికి వెళ్లి చూస్తే, కరెంటుతో గ్యాస్‌ని తెరిచి మూసే సోలెనాయిడ్ వాల్వ్‌కి వెళ్లే ఎర్ర వైరు కొసన ఒక నీటి చుక్క వేలాడుతోంది. అది రాలింది, మెల్లగా ఇంకోటి ఊరింది. వైరు దూరిన రంధ్రాన్ని సిలికాన్‌తో నింపి ఉంది. పైకి చూస్తే ముద్ద నున్నగా, నిండుగా ఉంది. గోటితో గీరితే వైరు చుట్టూ ఉంగరంలా ఊడివచ్చింది. అప్పటినుంచి గ్యాస్ లాకర్‌లో సిలికాన్ ముట్టుకోను. కదిలే వైరుని అది వదిలేస్తుంది. పైగా అది తగిలిన చోట ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) కూడా సరిగా పట్టదు, మిగిలిన జిడ్డునంతా గీకిపారేయాల్సిందే.

వైరుకైనా గ్యాస్ గొట్టానికైనా సరైనది బిగించే గ్లాండ్. నట్టు తిప్పేకొద్దీ లోపలి రబ్బరు గొట్టం చుట్టూ నొక్కుకుంటుంది. ఆ రంధ్రాన్ని లాకర్ గోడలో వీలైనంత పైన వేయండి. రెగ్యులేటర్, ప్రెషర్ గేజ్, సోలెనాయిడ్ మూడూ లాకర్‌లోనే ఉండాలి. అక్కణ్నుంచి స్టవ్ దాకా మధ్యలో అతుకు లేని ఒకే గొట్టం వెళ్లాలి. రెండు పరికరాలుంటే చీలిక లాకర్‌లోనే పెట్టి రెండు గొట్టాలు విడివిడిగా తీసుకెళ్లండి.

ఇక మూలలు. ముందు సాల్వెంట్‌తో జిడ్డు తుడిచి, తర్వాత 80 నంబరు ఇసుక కాగితంతో గరుకు చేయండి. ఈ వరస తప్పితే జిడ్డుని చెక్కలోకి రుద్దినట్టవుతుంది. ఎపాక్సీలో సిలికా పొడి కలిపి, పుల్లతో ఎత్తితే జారకుండా నిలిచేంత చిక్కగా చేయండి. దాన్ని మూలలో పెట్టి, గ్లవ్ తొడిగిన బొటనవేలితో ఒకే ఊపున లాగితే నున్నటి పల్లం వస్తుంది. అది ఇంకా జిగటగా ఉండగానే పైన ఫైబర్‌గ్లాస్ టేపు రెండు పొరలు వేసి తడపండి. గట్టిపడ్డాక పైన మైనంలాంటి పొర తేలితే నీళ్లతో రుద్ది కడగనిదే మరో కోటు వేయవద్దు.

మూత చుట్టూ నీళ్లు పీల్చని రబ్బరు గ్యాస్కెట్ వేసి, గట్టిగా పట్టే గడియ పెట్టండి. కాగితం ముక్క పెట్టి మూత మూసి లాగి చూడండి. చుట్టూ ఎక్కడ లాగినా బిగువుగా రావాలి.

డ్రెయిన్ లాకర్‌లో అన్నిటికంటే పల్లపు చోట ఉండాలి. అమెరికాలో పడవల ప్రమాణాలు రాసే ఏబీవైసీ సంస్థ లోపలి వ్యాసం కనీసం అర అంగుళం ఉండాలంటుంది, పడవల్లో గ్యాస్‌కి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 10239 కనీసం 19 మిల్లీమీటర్లు అడుగుతుంది. నేను పెద్దదానివైపే మొగ్గుతాను, చెత్త తక్కువ పడుతుంది. గొట్టం మొదటినుంచి చివరిదాకా దిగుతూనే పోవాలి. మధ్యలో ఒక్కచోట సాగి ఊయలలా వేలాడినా అందులో నీళ్లు నిలుస్తాయి, ఆ గుక్కెడు నీళ్లు గ్యాస్‌ని ఆపేస్తాయి. బయటి మూతి నీటిమట్టానికి పైన, పడవ లోపలికి తెరుచుకునే కిటికీలకూ తలుపులకూ కనీసం 20 అంగుళాల దూరంలో ఉండాలి. గాలికి పడవ ఒరిగినప్పుడు కూడా ఆ మూతి మునగని చోటు చూసుకోండి. కందిరీగలు గూడు కట్టడానికి ఇలాంటి రంధ్రాలే వెతుక్కుంటాయి. సీజన్ మొదట్లో ఒక మగ్గు నీళ్లు పోసి, బయటికి ధారగా వస్తున్నాయో లేదో చూడండి. లాకర్‌లో ఖాళీ ఉంది కదా అని తాళ్లూ పనిముట్లూ పెట్టవద్దు, డ్రెయిన్‌ని మూసేసేవి అవే.

అన్నీ ఆరాక నీటి పరీక్ష మళ్లీ చేయండి. సిలిండర్ బిగించాక స్టవ్ నాబ్‌లు మూసి, సోలెనాయిడ్ ఆన్ చేసి, సిలిండర్ వాల్వ్ తెరిచి గేజ్ చూడండి. సిలిండర్ వాల్వ్ మాత్రం మూసి కనీసం 3 నిమిషాలు ఆగండి. నేను 10 నిమిషాలు ఆగుతాను. ముల్లు వెంట్రుకవాసి దిగినా ఎక్కడో లీకు ఉన్నట్టే. అగ్గిపుల్ల మాత్రం గీయవద్దు. అమ్మోనియా లేని సబ్బు నీళ్లు అతుకులకు రాసి బుడగలు చూడాలి. అమ్మోనియా ఇత్తడి ఫిట్టింగుల్ని పగలగొడుతుంది. లీకు దొరికి, సరిచేసి, గ్యాస్ ఫిట్టర్‌కి చూపించేదాకా సిలిండర్ మూసే ఉంచండి.

వచ్చే పాఠం సోలెనాయిడ్ వాల్వ్, దాని స్విచ్ గురించి. ఈలోగా గేజ్ ముల్లు ఎక్కడుందో తేదీ వేసి ఒక పుస్తకంలో రాసుకోండి, ఆ పుస్తకం అక్కడ పనికొస్తుంది.