కారు కిట్ పెట్టె విప్పే ముందు

నెల్లూరులో 1/24 సైజు (అసలు కారులో 24వ వంతు పొడవు) ప్లాస్టిక్ కారు కిట్, అంటే ముక్కలు అతికించి చేసుకునే బొమ్మ కారు, మొదలుపెట్టేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

- ముక్కల్ని ఫ్రేమ్ (అవన్నీ అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి అప్పుడే తుంచొద్దు. నంబర్లు ఫ్రేమ్ మీదే ఉంటాయి. ఊడదీస్తే ఏది ఏదో తెలీదు.

- ఫ్రేమ్‌లను గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో, టబ్బులో కడగండి. అచ్చు పోసినప్పుడు అంటిన జిడ్డు ఉంటే పెయింట్ పట్టదు. సింకులో మాత్రం వద్దు, గోరంత సైడ్ అద్దం జారితే మళ్లీ దొరకదు.

- ముసురు పట్టిన రోజు స్ప్రే పెయింట్ జోలికి పోవద్దు. మన దగ్గర అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, అప్పుడే జాగ్రత్త. గాలిలో తేమకి నిగనిగలాడాల్సిన రంగు విభూది పూసినట్టు పాలిపోతుంది. నేను ఒక ఎర్ర బాడీని అలాగే పాడుచేసుకున్నా. బానెట్ మీద మొదలైన తెలుపు చూస్తుండగానే పైకప్పు దాకా పాకింది. చాలా బాధేసింది. పొడి ఎండ కాసే రోజు దాకా ఆగండి, తొందరేం లేదు.

- బొమ్మ కారు కిటికీ అద్దాల దగ్గర సూపర్ గ్లూ వాడొద్దు, దాని ఆవిరికి అద్దం మసకబారుతుంది.

- క్రోమ్ ముక్కలు (వెండిలా మెరిసే పూత ఉన్నవి) అతికే చోట పూత గీకేయండి.

- పెయింట్, గ్లూ వాడేటప్పుడు గది కిటికీలు తెరవండి, మాస్క్ పెట్టుకోండి.

- రోహిణి కార్తెలో కిట్‌ను ఎండలో ఆపిన కారులో వదిలేయొద్దు. సన్న ముక్కలు వంగిపోతాయి.