ఏ మందమ్మా? కడుపుతో ఉన్నప్పుడు మద్యం గురించి మెడికల్ షాపు కౌంటరు వెనక నుంచి

విశాఖపట్నం కంచరపాలెంలో మాది చిన్న మెడికల్ షాపు. పందొమ్మిదేళ్ళుగా ఆ కౌంటరు వెనకే ఉన్నాను. ఈ ఏడాది సంక్రాంతి వెళ్ళిన రెండు రోజులకి ఒక అమ్మాయి ప్రెగ్నెన్సీ కిట్ పట్టుకెళ్ళింది. మర్నాడు నేను షట్టర్ ఎత్తేసరికే వచ్చి నిలబడింది.

“అక్కా, రెండు గీతలు వచ్చాయి. ఈ మధ్య మందు తీసుకున్నాను. ఏమైనా అవుతుందా?”

“ఏ మందమ్మా? నొప్పి బిళ్ళలా, యాంటీబయాటిక్కా?”

తల దించుకుని, “ఆ మందు కాదక్కా” అంది.

మన భాషలో రెండింటికీ ఒకటే మాట. అందుకేనేమో ఈ ప్రశ్న డాక్టరు కంటే ముందు నా దగ్గరికి వస్తుంది. డాక్టరు దగ్గర మొగుడో అత్తగారో పక్కనే ఉంటారు. నా కౌంటరు దగ్గర ఎవరూ ఉండరు.

ముందు జవాబు చెప్పేస్తాను. కడుపుతో ఉన్నప్పుడు ఇంత వరకు తాగితే ఫర్వాలేదు అనే కొలత ఏదీ లేదు. మొదటి మూడు నెలలు దాటితే తాగొచ్చనీ, చివరి నెలలో ఒక గ్లాసు మంచిదేననీ చెప్పే మాటలకి ఆధారం లేదు. బీరు, వైన్, బ్రాందీ, కల్లు ఏదైనా కడుపులోకి వెళ్ళాక అన్నింటిలోనూ ఉండేది ఒకటే ఆల్కహాల్.

అది ఎలా పనిచేస్తుందంటే, తల్లి రక్తంలోకి చేరిన ఆల్కహాల్ మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డ రక్తంలోకి వెళ్తుంది. మాయ దాన్ని ఆపలేదు. తల్లి ఒంట్లో ఎంత మోతాదు ఉందో బిడ్డకీ దాదాపు అంతే చేరుతుంది. తేడా ఎక్కడంటే, మన లివరు దాన్ని విరిచేస్తుంది, బిడ్డ లివరు ఇంకా ఆ పనికి ఎదగలేదు. పైగా కొంత ఉమ్మనీటిలోకి చేరుతుంది, ఆ ఉమ్మనీటినే బిడ్డ మళ్ళీ మింగుతుంది. తల్లికి నిషా దిగిపోయినా బిడ్డ చుట్టూ అది ఇంకా ఉంటుంది.

దీనివల్ల గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువు వంటివి రావచ్చు. మెదడు ఎదుగుదల దెబ్బతింటే ఆ బిడ్డకి ధ్యాస నిలవదు, చెప్పింది గుర్తుండదు, లెక్కలు ఎక్కవు, కోపం అదుపులో ఉండదు. 1968లో ఫ్రాన్స్‌లో పాల్ లెమొయిన్ అనే డాక్టరు తాగుడు అలవాటున్న తల్లుల పిల్లల్లో ఒకేలాంటి పోలికలు గమనించి రాశారు. 1973లో అమెరికాలోని సియాటిల్ డాక్టర్లు కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ దీనికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. కళ్ళు చిన్నగా, పై పెదవి పల్చగా, ముక్కుకీ పెదవికీ మధ్య గాడి లేకుండా నున్నగా ఉండడం దాని గుర్తులు. చాలామంది పిల్లల్లో మాత్రం మొహం మామూలుగానే ఉంటుంది, బడిలో వేశాకే తేడా బయటపడుతుంది. ఇది పూర్తిగా నయమయ్యేది కాదు. త్వరగా గుర్తించి సాయం అందిస్తే మెరుగుపడుతుంది.

ఇక ఆ అమ్మాయి సంగతి. చివరి నెలసరి డిసెంబరు 10న వచ్చింది. 31 రాత్రి రెండు గ్లాసుల వైన్, భోగి ముందు రోజు రుషికొండలో ఫ్రెండ్స్‌తో ఒక స్ట్రాంగ్ బీరు తాగింది. డాక్టర్లు చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేస్తారు కాబట్టి తనకి అప్పటికే ఆరో వారం నడుస్తోంది. మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకునేది కూడా ఆరో వారం చివరికల్లానే. నెల తప్పిందేమో అని మనకి అనుమానం వచ్చేసరికే లోపల అంత పని జరిగిపోతూ ఉంటుంది. అందుకే పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు రెండు గీతలు వచ్చేదాకా ఆగకుండా ముందే మానేయాలి.

తెలియక తాగినవాళ్ళకి నేను మొదట చెప్పేది, భయంతో అబార్షన్ బిళ్ళలు అడగొద్దని. నిజంగా అడుగుతారు. ఆ అమ్మాయి కూడా రెండో మాటగా అదే అడిగింది. డాక్టరు చూడకుండా ఆ బిళ్ళలు మింగితే రక్తస్రావం ఆగకపోవచ్చు, గర్భం ట్యూబులో ఉంటే ప్రాణం మీదికే వస్తుంది. ముందు తాగడం ఆపేయండి. ఏ వారంలో ఆపినా బిడ్డకి మేలే. ఎప్పుడు, ఏమిటి, ఎంత తాగారో ఒక కాగితం మీద రాసి డాక్టరుకి ఇవ్వండి, ఎదురుగా చెప్పడానికి నోరు రాకపోయినా కాగితం చెబుతుంది. ఫోలిక్ యాసిడ్ డాక్టరు చెప్పిన మోతాదులో మొదలుపెట్టండి. ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ తప్పకుండా చేయించుకోండి. అయితే స్కాన్ బాగుందంటే అవయవాలు బాగున్నాయని మాత్రమే. మెదడు పనితీరు అందులో కనపడదు కాబట్టి, స్కాన్ బాగుందని మళ్ళీ గ్లాసు పట్టకూడదు. ఒకటి రెండుసార్లు తెలియక తాగినవాళ్ళలో చాలామందికి పిల్లలు బాగానే పుడతారు. ఆ అమ్మాయికి ఈ మాట కూడా చెప్పాను, లేకపోతే నిద్రపోదు.

“ఒక్క బీరే కదా” అనేవాళ్ళ కోసం ఒక చిన్న లెక్క. విస్కీ 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో 25 గ్రాములు, అంటే రెండున్నర పెగ్గులు. అదే 8 శాతం స్ట్రాంగ్ బీరైతే నాలుగు పెగ్గులు.

కల్లు దగ్గర అందరూ జారిపోతారు. “కల్లు చలవమ్మా, తాటిచెట్టు నీళ్ళేగా, ఏటవుద్ది?” అని అడిగిన పెద్దావిడలు నాకు లెక్కలేనంత మంది. చెట్టు మీద కుండలో ఉండగానే అది పులవడం మొదలవుతుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది. అరకు వెళ్ళినప్పుడు దొరికే జీలుగు కల్లూ అంతే. సున్నం రాసిన కుండలో దించి చల్లగా ఉంచిన నీరా వేరు. కానీ రోడ్డు పక్కన అమ్మేది ఏ గంటలో దించారో మనకి తెలియదు. కొబ్బరిబొండాం తాగండి. ఇడ్లీపిండీ పులుస్తుంది కదా అని ఒకామె అడిగింది. ఇడ్లీ, పెరుగు, చద్దన్నం హాయిగా తినండి, వాటితో భయం లేదు. ఇంజెక్షనుకి ముందు రాసే స్పిరిట్‌తోనూ భయం లేదు.

సీసాల లేబుళ్ళు మాత్రం చదవాలి, ఇది నా వృత్తి కాబట్టి గట్టిగా చెప్తున్నాను. ఆయుర్వేదంలో అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టే చేస్తారు. దశమూలారిష్టం, అశోకారిష్టం సీసా తిప్పి చూస్తే అందులో ఆల్కహాల్ శాతం రాసి ఉంటుంది. కొన్ని దగ్గు సిరప్‌లలో, హోమియో చుక్కల్లో కూడా ఉంటుంది. పోసేది చెంచాడే అయినా, కడుపుతో ఉన్నప్పుడు డాక్టరుకి చూపించకుండా ఏదీ తాగొద్దు.

నా గొడవ కూడా చెప్పాలి. 2003లో నాకు నాలుగో నెలలో విపరీతమైన జలుబు. మా అత్తగారు వేడినీళ్ళలో మిరియాలపొడి వేసి రెండు చెంచాల బ్రాందీ కలిపి తెచ్చారు. అప్పటికే నేను డి.ఫార్మసీ పాసయ్యాను. అయినా ‘వద్దత్తయ్యా’ అనలేక మూడు రాత్రులు తాగాను. ఆ స్టీలు గ్లాసు వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. “నీ కూతురు ఇంజనీరింగ్ పాసవలేదా?” అని ఆవిడ నేటికీ అంటారు. పాసయింది. కానీ మా ఊళ్ళో రద్దీగా ఉండే ఎన్‌ఏడీ జంక్షన్‌లో కళ్ళు మూసుకుని రోడ్డు దాటి బతికినవాడు ఉన్నాడని మిగతావాళ్ళని కళ్ళు మూసుకోమంటామా?

ఇంగ్లండులో ఉండే చుట్టాలు “ఇక్కడ డాక్టర్లే ఒక గ్లాసు ఫర్వాలేదంటారు” అని చెప్పొచ్చు. ఒకప్పుడు అక్కడ మొదటి మూడు నెలలు దాటాక, తాగాలనుకునేవాళ్ళకి కొద్దిగా అయితే సరే అన్నారు. 2016లో ఆ సలహా మార్చి, అసలు తాగకపోవడమే క్షేమం అన్నారు.

పార్టీల్లో ఇబ్బందీ నిజమే. మూడో నెల దాకా విషయం బయటపెట్టరు, గ్లాసు వద్దంటే అందరూ మొహం చూస్తారు. “యాంటీబయాటిక్ కోర్సులో ఉన్నాను” అనండి, ఎవరూ రెండో ప్రశ్న వేయరు. చేతిలో నిమ్మసోడా గ్లాసు పట్టుకుని తిరిగితే ఇంకొకటి పోయడానికి ఎవరూ రారు. మొగుళ్ళకి ఒక మాట: ఇంట్లో సీసా పెట్టుకుని ఆమెని మానమనడం అన్యాయం.

రోజూ తాగే అలవాటున్నవాళ్ళ పద్ధతి వేరు. పొద్దున్నే చేతులు వణుకుతుంటే ఒక్కసారిగా మానేయకూడదు, ఫిట్స్ రావచ్చు, తల్లికీ బిడ్డకీ ప్రమాదం. డాక్టరు పర్యవేక్షణలో మానాలి. మన ఊళ్ళో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, కాన్పులకి ఘోషాసుపత్రి ఉంది, చినవాల్తేరులో మానసిక వైద్యశాల ఉంది. ఆ చివరి పేరు వినగానే సిగ్గుపడతారు గానీ ఇలాంటి కేసులు చూసే డాక్టర్లు ఉండేది అక్కడే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. ఆశా వర్కర్‌కి చెప్పినా దారి చూపిస్తుంది.

కాన్పయ్యాకా ఈ గొడవ వదలదు. ఆల్కహాల్ పాలలోకి వస్తుంది. అసలు ముట్టుకోకపోవడం మేలు. ఎప్పుడైనా ఒక పెగ్గు తాగితే కనీసం రెండు గంటలు ఆగి పాలివ్వాలి, రెండు పెగ్గులైతే నాలుగు గంటలు. తాగి బిడ్డని పక్కలో వేసుకుని మాత్రం పడుకోకండి.

దసరాకి ముందు ఆ అమ్మాయి వాళ్ళమ్మ షాపుకి వచ్చింది. మనవరాలు పుట్టిందట. చేతిలో లడ్డూ పెట్టి, “బాలింతకి ఒళ్ళు గట్టిపడాలి కదమ్మా, రోజూ బ్రాందీ ఎంత పొయ్యమంటావు?” అంది.

“అసలు పొయ్యొద్దమ్మా. ఆ మందు మా షాపులో ఉండదు కూడా.”

“తెల్సులే, మూల మీద షాపులో ఉంటాది” అంది. చీటీ మీద పాలిచ్చే తల్లికి ఎన్ని గంటలు ఆగాలో రాసి, “ఇది మీ అమ్మాయి చేతికే ఇవ్వండి” అని చెప్పి పంపాను.